గోస్తనీకి ఎదురుగా: భీమిలి నుంచి అరకు దాకా ఆరేళ్ల గ్రూప్ రైడ్లు

2019 నుంచి మా ఏడుగురం ఏటా నాలుగైదు సార్లు బండ్ల మీద భీమిలి నుంచి అరకు వెళ్తున్నాం. ఎప్పుడూ అదే దారా అని ఇంట్లో అడుగుతుంటారు. ఆ దారికి ఒక వరస ఉంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయర్ దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే గోస్తనీకి మేం ఎదురు వెళ్తాం. పొద్దున్న నది సముద్రంలో కలిసే చోట టీ తాగి, మధ్యాహ్నానికి అది పుట్టిన కొండల్లో ఉంటాం.

ముందు తీరం సంగతి. భీమిలి చేరడానికి ముందు విశాఖ నుంచి రుషికొండ, ఎర్రమట్టి దిబ్బల మీదుగా పాతిక కిలోమీటర్ల పైచిలుకు బీచ్ రోడ్డు. చూడటానికి చాలా సులువైన రోడ్డు. కానీ గాలి ఇసుకను తెచ్చి తారు మీద పలచగా పరుస్తుంది. ఎండలో అది కంటికి ఆనదు. మలుపులో బండి వంచినప్పుడు ముందు టైరు ఒక్క జానెడు జారితే గుండె ఆగినంత పనవుతుంది. అందుకే సముద్రం వైపు మలుపుల్లో బండిని ఎక్కువ వంచం. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి పక్క నుంచి తోస్తుంది, ఆ టైంలో బండికీ బండికీ మధ్య దూరం పెంచుతాం. ఇంకో సంగతి ఉప్పు. మొదటి ఏడాది నేను ఇంటికొచ్చాక బండి కడగకుండా వదిలేశాను, చైన్ తుప్పు పట్టింది. ఇప్పుడు ఎంత అలసిపోయినా ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి, ఆరాక చైన్‌కి ల్యూబ్ పెట్టాకే పడుకుంటాను.

తగరపువలస, పద్మనాభం మీదుగా పల్లెల దారిలో శృంగవరపుకోట చేరతాం. అక్కడ అందరూ ట్యాంకు నింపాల్సిందే. సగం ఉంది, సరిపోతుంది అనే మాట మా దగ్గర చెల్లదు. ఒక బండి ఆగితే ఏడు బండ్లూ ఆగుతాయి.

బొడ్డవర దాటగానే ఘాటీ మొదలు. కాశీపట్నం, టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట. ఈ పేర్లు తలుచుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది. సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ తోటలు, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. హెల్మెట్ అద్దం కొంచెం పైకెత్తితే తడి మట్టి వాసన లోపలికి వస్తుంది. రెండో గేరు, మూడో గేరు, మళ్లీ రెండు. నాది సింగిల్ సిలిండర్ టూరింగ్ బండి. ఈ ఘాటీకి పెద్ద ఇంజన్ అక్కర్లేదని ఆరేళ్లుగా చూస్తున్నాను. తక్కువ స్పీడులో లాగే బలం, మంచి బ్రేకులు, మంచి టైర్లు ఉంటే చాలు.

గ్రూప్‌గా వెళ్లడంలో మేం నేర్చుకున్నది మాత్రం దెబ్బ తిన్నాకే. 2021లో మాలో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడు అందరికన్నా వెనక ఉన్నాడు. ముందువాళ్లు కనిపించకపోయేసరికి టెన్షన్ పడి, అందుకోవాలని స్పీడు పెంచాడు. టైడా దాటాక ఒక ఎడమ మలుపులో బండి అదుపు తప్పి, అవతలి వైపు కొండను ఆనుకున్న కాలువలో పడింది. ఎదురుగా ఏ బండీ రాకపోవడం అదృష్టం. కాలర్ బోన్ విరిగింది. ఆ రోజు వాడి తప్పు లేదు. మేం వాడిని వెనక ఒంటరిగా వదిలేశాం.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. నెమ్మదిగా నడిపేవాళ్లు లీడ్ (అందరికన్నా ముందు దారి చూపే బండి) వెనకే, రెండో స్థానంలో ఉంటారు. అందరికన్నా అనుభవం ఉన్నవాడు చివర. దారి చీలే చోట రెండో బండి ఆగి, చివరి బండి కనిపించేదాకా అక్కడే నిలబడాలి. దాంతో ఎవరికీ ఎవరినీ అందుకోవాలన్న తొందర ఉండదు. తిన్నని రోడ్డు మీద అటొకటి ఇటొకటిగా నడుపుతాం కానీ, ఘాటీలో ఒకే వరస. ఎందుకంటే మలుపులో ఎవరికైనా తన లేన్ వెడల్పంతా కావాలి. నడుపుతూనే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి హెల్మెట్‌కి తగిలించే బ్లూటూత్ ఇంటర్‌కామ్‌లు కొన్నాం. తీరంలో బాగా పనికొస్తాయి. ఘాటీలో మధ్యలో కొండ అడ్డం వచ్చిందంటే మాట తెగిపోతుంది, వాటిని నమ్ముకోవద్దు. ఏడుకి మించి బండ్లు తీసుకెళ్లం. ఒకసారి పద్నాలుగు వెళ్లాం. వెనక వచ్చే బస్సులకు మమ్మల్ని దాటే సందే దొరకలేదు, వాళ్లు పడ్డ ఇబ్బంది చూసి నాకు బాధేసింది.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఎక్కిన గేరులోనే దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినట్టుండే ఇరుకు మలుపు) దగ్గర పైకొచ్చే బస్సుకు రోడ్డంతా కావాలి, ముందే ఆగి దారి ఇస్తాం. హారన్ కొట్టకుండా ఏ మలుపూ తిరగం.

కాలం సంగతి అడిగితే నా ఓటు నవంబరుకే. అరకు చుట్టూ వలిసె పూలు పసుపు పరిచినట్టు ఉంటాయి. కానీ శని, ఆదివారాలు కార్లతో రోడ్డు నిండిపోతుంది, వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్లడమే మేలు. వానాకాలం అందమే వేరు గానీ, నీడ పడే చోట తారు మీద నాచు పడుతుంది. కొత్తవాళ్లను ఆ నెలల్లో మేం తీసుకెళ్లం. మంచు దట్టంగా దిగితే హై బీమ్ తీసేయండి, వెలుగు మంచుకే తగిలి తిరిగొచ్చి మీ కళ్లలోనే పడుతుంది.

కాలర్ బోన్ విరిగిన తమ్ముడు ఏడాది తర్వాత మళ్లీ వచ్చాడు. అదే మలుపు దగ్గర ఆపమన్నాడు. కాసేపు ఆ కాలువను చూసి, ఏమీ మాట్లాడకుండా హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇప్పుడు మా గ్రూప్‌లో చివరి బండి వాడిదే.