కలకత్తాలో శనివారం రాత్రి, లాడ్జి గేటు వేసేశాక

హౌరాలో రైలు దిగగానే పసుపు టాక్సీ ఎక్కాలని నా సరదా. బావమరిది మాత్రం మెట్రోకే ఓటేశాడు. ఆ లైనులో 2024 మార్చిలో మొదలైన ఈ భాగం, హుగ్లీ నది కింద నుంచి వెళ్తుంది. నది కింద భాగం 520 మీటర్లట, ముప్పావు నిమిషంలో దాటేశాం. ఎస్ప్లనేడ్‌లో దిగి, సడ్డర్ స్ట్రీట్ దగ్గర సందులో ఒక లాడ్జి తీసుకున్నాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వస్తున్నాయి, న్యూ మార్కెట్ నాలుగడుగుల దూరం. ఆ అద్దెకి ఇంకేం కావాలి అనుకున్నాం. అడగాల్సింది ఒకటుందని రాత్రికి గానీ తెలియలేదు.

పబ్బుల కోసమైతే అంత దూరం వెళ్లక్కర్లేదు, మన హైదరాబాద్ చాలు. కలకత్తాలో రాత్రి సాయంత్రం ఆరింటికే నాటకంతో మొదలుపెట్టాలి. రవీంద్ర సదన్ మెట్రో దగ్గర దిగితే నందన్ సినిమా ప్రాంగణం, అకాడమీ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ పక్కపక్కనే ఉంటాయి. అకాడమీ కౌంటర్లో టికెట్లు కొని బెంగాలీ నాటకానికి కూర్చున్నాం. భాష రాదు. అయినా ఒక సీన్లో తండ్రి వేషం వేసినాయన ఏమీ మాట్లాడకుండా తడి గొడుగు మడుస్తూ నిలబడితే, హాల్లో ఒక్కరు దగ్గలేదు. నాటకం అయ్యాక బయట మట్టి కప్పుల్లో నిమ్మకాయ టీ, అందులో నల్ల ఉప్పు. ప్రేక్షకులంతా ఇళ్లకు వెళ్లకుండా అక్కడే నిలబడి వాదించుకుంటున్నారు. నాకైతే ఈ ట్రిప్ మొత్తంలో ఇదే నంబర్ వన్.

తర్వాత పార్క్ స్ట్రీట్లో ట్రింకాస్ రెస్టారెంట్. ఉషా ఉతుప్ కుర్రతనంలో పాడిన చోటు. ఇప్పటికీ రాత్రుళ్లు బ్యాండ్ వాయిస్తుంది. పాట కోసం వెళ్లండి, బిల్లు మాత్రం పార్క్ స్ట్రీట్ బిల్లే. శనివారం కాబట్టి బావమరిది మందూ మాంసం ముట్టడు. పనీరుతో, నిమ్మ సోడాతో సరిపెట్టుకుని నా ప్లేటు వంక చూస్తూ కూర్చున్నాడు.

పావు తక్కువ పన్నెండుకి లాడ్జికి వస్తే కటకటాల గేటుకి తాళం. వాచ్‌మన్ లోపలి నుంచే "మాలిక్ తాళం తీసుకెళ్లాడు, ఐదింటికి రండి" అని మళ్లీ ముసుగు తన్నాడు. ఓనర్ ఫోను ఎత్తలేదు. డబ్బు కట్టేముందు గేటు ఎన్నింటికి వేస్తారో అడగండి బాబూ, వైఫై సంగతి తర్వాత.

టాక్సీ డ్రైవరే దారి చూపించాడు. భవానీపూర్‌లో హరీష్ ముఖర్జీ రోడ్డు మీద బల్వంత్ సింగ్ ఈటింగ్ హౌస్. అర్ధరాత్రి దాటినా జనం, కార్లలోనే కూర్చుని తినేవాళ్లు. అక్కడి స్పెషల్ దూద్ కోలా, అంటే చల్లటి పాలల్లో కూల్‌డ్రింక్. పేరు వింటేనే నాకు కడుపులో తిప్పింది. తాగితే మాత్రం చిన్నప్పటి ఐస్‌క్రీం సోడా గుర్తొచ్చింది. తడ్కా అంటే అక్కడ పొట్టు పెసలతో వండే చిక్కటి పప్పు, మామూలుగా గుడ్డు కొట్టి వేస్తారు. గుడ్డు లేకుండా చేయించుకుని బావమరిది ఆరు రొట్టెలు లాగించాడు.

నాలుగున్నరకి హౌరా బ్రిడ్జి కింద మల్లిక్ ఘాట్ పూల మార్కెట్. బంతి దండలు తాళ్ల చుట్టల్లా తలమీద పెట్టుకుని కూలీలు పరుగు మీద వస్తుంటారు. తప్పుకోకపోతే గుద్దేస్తారు, వాళ్ల తప్పు కాదు. కింద బురద, చెప్పులు జారతాయి. ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లు గోడవారన నిలబడటం మేలు.

అక్కడి నుంచి టిరెట్టా బజార్ దగ్గరే. పాత చైనా వీధి. ఇక్కడి చైనా కుటుంబాలు చాలావరకు ఊళ్లోనే ఉన్న కొత్త చైనా పేట తంగ్రాకీ, విదేశాలకీ వెళ్లిపోయాయి, తెల్లవారుజాము టిఫిన్లు మాత్రం మిగిలాయి. వాటికి ఆదివారమే మంచి రోజు. అదీ ఎనిమిదిలోపే, ఆ తర్వాత గిన్నెలు ఖాళీ. చేప ఉండల సూప్, మోమోలు, పంది మాంసం కూరిన బన్నులు రోడ్డు పక్కనే ఆవిరి మీద ఉంటాయి. బావమరిది వాచీ చూసుకుని, "బావా, ఆదివారం వచ్చేసింది కదా" అన్నాడు. మూడు గిన్నెల సూప్ తాగాడు.

తిరిగొచ్చేసరికి లాడ్జి గేటు బార్లా తీసి ఉంది. చెకౌట్ పదింటికట.