ఈఆర్‌పీ కొనేముందు గీసుకోవడానికి: బీపీఎంఎన్ డాట్ ఐఓ

బెంగళూరు పీణ్యాలో యంత్రభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులో స్టోర్స్ నా బాధ్యత. ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ బయట జాబ్ వర్క్‌కి ఇస్తాం. ఈఆర్‌పీ (కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టిద్దామని యజమాని అనగానే, ముందు మన పని నడిచే తీరు గీసుకుందామని పట్టుబట్టాను. అందుకు వాడింది బీపీఎంఎన్ డాట్ ఐఓ అనే బొమ్మలు గీసే సాధనం. బెర్లిన్‌కు చెందిన కముండా సంస్థది. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, లాగిన్ అక్కర్లేదు, ఉచితం.

బీపీఎంఎన్ అంటే పని నడిచే తీరును గుర్తులతో గీసే పద్ధతి. దాని 2.0 ప్రమాణం 2011లో వచ్చింది, 2013లో ఐఎస్‌ఓ ముద్ర పడింది. గుర్తులు చూస్తే కళ్లు తిరుగుతాయి గానీ మాకు పట్టుమని పది కూడా అవసరం పడలేదు. సన్నని అంచు వృత్తం మొదలు, మందపాటిది ముగింపు, పెట్టె అంటే పని. దారులు చీలే చోట డైమండ్; అందులో ఇంటూ ఉంటే ఒక్క దారే, ప్లస్ ఉంటే అన్ని దారులూ.

నాకు నచ్చింది దీని మొండితనం. మా వర్క్‌షాపు ఒక పూల్ (ఒక సంస్థ పనులన్నీ ఉండే పెద్ద గడి), ప్లేటింగ్ యూనిట్ మరో పూల్. ఒకదాని పనినుంచి ఇంకోదాని పనికి మామూలు బాణం గీయబోతే ఒప్పుకోదు, చుక్కల గీతగా మార్చేస్తుంది. అంటే అక్కడికి వెళ్లేది సరుకూ చలానే; అవతలి పని మన అదుపులో ఉండదు. అప్పుడే అసలు ప్రశ్న బయటపడింది: 500 బుష్‌లు వెళ్లి 480 వస్తే, ఆ ఇరవై ఎవరి ఖాతా? నాణ్యత చూసే క్యూసీ వాళ్లు స్టోర్స్ అన్నారు, నేను అకౌంట్స్ అన్నాను. జాబ్ వర్క్‌కి పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే, జీఎస్‌టీ చట్టం దాన్ని పంపిన రోజే సరఫరా చేసినట్టు లెక్కేస్తుంది. ఆ గడువుకు చాలా ముందే మోగేలా గడియారం గుర్తు పెట్టి, లోటు లెక్కకు ఒక పెట్టె, దానికో మనిషిని కేటాయించాం.

గీసేటప్పుడు మేనేజర్‌ని అడగకండి. చలాన్ పుస్తకం పట్టుకుని దాని వెంట నడవండి. మేనేజర్ మాటల్లో ఇన్‌వార్డ్ (లోపలికి వచ్చిన సరుకు) అదే రోజు నమోదవుతుంది. హిందూపురం నుంచి వచ్చిన మా కుర్రాడు మాత్రం, "అక్కా, అన్నీ శనివారం కూర్చుని రాస్తాం" అన్నాడు. ఈఆర్‌పీ అమ్మేవాళ్లకు ఈ మాట ఎవరు చెబుతారు?

లోపాలున్నాయి. గీసినది సర్వర్‌లో దాచదు, ఫైలు దించుకోవాల్సిందే. ఇద్దరు కలిసి గీయలేరు. రోజూ వాడేవారికి అదే సంస్థ ఉచితంగా ఇచ్చే డెస్క్‌టాప్ మోడలర్ మేలు. టోకెన్ సిమ్యులేషన్ అనే ప్లగిన్ (అదనంగా తగిలించే ముక్క) పెడితే బొమ్మ మీద చుక్క పరుగెత్తి, దారి ఎక్కడ తెగిందో చూపిస్తుంది; ఎన్ని గంటలు పడుతుందో మాత్రం చెప్పదు. బొమ్మ గీసినంత మాత్రాన పని కంప్యూటర్ మీదికి ఎక్కదు. దానికి బొమ్మ ప్రకారం పని నడిపించే సాఫ్ట్‌వేర్ ఇంజిన్, ప్రోగ్రామర్ కావాలి.

గోడకు అంటించే బొమ్మే కావాలంటే డ్రా డాట్ ఐఓ అనే మరో గీసే సాధనం సులువు. అది ఏ బాణాన్నీ అడ్డుకోదు. వెండర్‌కు ఇవ్వాలంటే మాత్రం ఇదే, ఎందుకంటే బొమ్మ వెనుక ఉండేది బీపీఎంఎన్ తెలిసిన ఇతర సాఫ్ట్‌వేర్లూ చదవగల ప్రామాణిక ఎక్స్ఎంఎల్ ఫైలు.