నాలుగేళ్ల ఫోర్ బై ఫోర్: కరిగెటలో గెలిచింది, మంచులో దిగబడింది

ఈ ఫోర్ బై ఫోర్ బండిని (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేది) నాలుగేళ్లు, డెబ్బై ఒక్క వేల కిలోమీటర్లు నడిపాను. ఇంజన్ ఎంత, సీట్లెన్ని అనేవి ఎవరినడిగినా చెప్తారు. నాకు మాట్లాడాలని ఉన్నది గేర్ రాడ్ పక్కనున్న పొట్టి లీవర్ గురించే, అందులోనూ ఫోర్-లో గురించి, అంటే నాలుగు చక్రాలూ మెల్లగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు.

దేవరకొండ వైపు మా బత్తాయి తోటకు పోయే బాట చెరువు కింద కరిగెట్ల (నాట్లకు దమ్ము చేసిన బురద పొలాల) పక్కనుంచి పోతుంది. వానాకాలం కేజ్ వీల్స్ (ఇనుప చక్రాల) ట్రాక్టర్లు తిరిగి తిరిగి ఆ బాట కూడా పొలమే అయిపోతుంది. లీవర్ లోలో వేసి, కాస్త రేస్ ఇచ్చి చక్రాలు గిర్రున తిప్పితే టైర్ గాడుల్లోంచి బురద ఎగిరిపోయి, కింద గట్టి నేల తగిలి బండి ముందుకు పోయేది. ఈ బండి పోని చోటు లేదని పెళ్లిళ్లలో కూడా చెప్పుకున్నాను.

ఆ ధీమాతోనే మొన్న ఫిబ్రవరిలో బావమరిదిని ఎక్కించుకుని మనాలి పోయాను. మనాలి పైన సేథన్ అనే ఊరుంది, దారంతా మెలికలే. ఎదురుగా చక్రాలకు గొలుసులు కట్టుకున్న లోకల్ జీపు వస్తుంటే దారి ఇద్దామని పక్కకు తీశాను. అది నేల కాదు, మోకాలు లోతు మెత్తటి మంచు. బండి కదలకపోయేసరికి మన కరిగెట విద్యే వాడాను, రేస్ ఇచ్చాను. అక్కడే తప్పయింది. తిరిగిన టైర్ వేడికి కింది మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి అద్దంలా నున్నగా అయింది. ఇంకో రెండుసార్లు తొక్కేసరికి బండి కడుపు మంచు మీద కూర్చుంది. ముందొక చక్రం, వెనకొక చక్రం తిరుగుతున్నాయి, మిగతా రెండూ చూస్తున్నాయి. నా బండికి డిఫరెన్షియల్ లాక్, అంటే రెండు పక్కల చక్రాలనూ కలిపి తిప్పే ఏర్పాటు, లేదు, కొనేటప్పుడు మనకెందుకులే అనుకున్నాను.

జీపు డ్రైవర్ దిగి వచ్చి మొదట అన్నది "రేస్ వద్దు భయ్యా" అనే. పార ఆయనదే. రెండు గంటలు బండి కింద మంచు తవ్వాం, వేళ్లు నావేనా అనిపించింది. 32 పీఎస్ఐ మీద ఉన్న టైర్లలో గాలి 18కి దించాం, టైర్ పరుచుకుని మంచు మీద తేలుతుందట. ఫ్లోర్ మ్యాట్లు చక్రాల కింద వేసి, వచ్చిన జాడల్లోనే మెల్లగా రివర్స్ తీస్తే వచ్చేసింది.

దిగేటప్పుడు మాత్రం ఆ లీవర్ మీద ప్రేమ మళ్లీ పుట్టింది. ఫోర్-లో, ఫస్ట్ గేర్, బ్రేక్ మీద కాలు లేదు, ఇంజనే పట్టుకుని దించుతుంది. ఎద్దును ముకుతాడు పట్టి దించినట్టు. అయినా ఎండ తగలని ఒక మలుపులో నాలుగు చక్రాలూ కలిసే జారాయి, బావమరిది అంతవరకు చెప్తున్న కబుర్లు అక్కడే ఆపేశాడు.

మర్నాడు అటల్ టన్నెల్ దాటి అవతలున్న సిస్సు ఊరికి పోయినప్పుడు ఇంకో తలనొప్పి. తొమ్మిది కిలోమీటర్ల టన్నెల్ లోపల పొడి రోడ్డు, బయట మంచు. నా బండిలో ముందు, వెనక యాక్సిల్స్ మధ్య డిఫరెన్షియల్ (రెండూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్లు) లేదు కాబట్టి పొడి రోడ్డు మీద ఫోర్ తీసేయాలి, లేకపోతే మలుపుల్లో బిగుసుకుపోతుంది. తీయడం, వేయడం, ఇదే పని. పొద్దున అద్దం కడుగుదామంటే వైపర్ డబ్బాలో నల్లగొండ బోరు నీళ్లు గడ్డకట్టి ఉన్నాయి, అది మాత్రం నా తెలివితక్కువే.

తోట ఉన్నవాళ్లకు ఈ బండి చెప్తాను, నాకైతే ఇప్పటికీ ఇదే కావాలి. హైదరాబాద్ రోడ్డు మీదే తిరిగేవాళ్లకు ఎందుకో నాకు అర్థం కాదు, సిటీలో మైలేజీ 11 దాటదు. మంచుకు పోవాలనుకుంటే ముందు టైర్లకు, గొలుసులకు డబ్బు పెట్టండి. నా టైర్లు అరిగాయి. ఈసారి పెద్ద గాడులున్నవి వేద్దామని ఉంది కానీ డాంబర్ రోడ్డు మీద వాటి మోతకు మా ఆవిడ ఒప్పుకోవట్లేదు.