ఫుట్‌బాల్ గోల్‌కీపర్ అమ్మాయికి ఏది మేలు: తిరుపతిలో డిగ్రీయా, బయట క్లబ్బా?

ఇంటర్ పూర్తయిన మన తిరుపతి కీపర్‌కు రెండు దారులు. ఇక్కడే చదువుతూ వర్సిటీ జట్టుకు ఆడటం, లేదా మదురై సేతు ఎఫ్‌సీ, కోజికోడ్ గోకులం కేరళ లాంటి క్లబ్బులకు ప్రయత్నించడం.

శిక్షణలో క్లబ్బే మేలు, అనుమానమే లేదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. అంత చోటు కాయాలంటే భయం లేకుండా దూకాలి. గులకరాళ్ల మట్టి గ్రౌండ్‌లో పక్కకు దూకితే తుంటి, మోచేయి గీసుకుపోతాయి, గ్లవ్స్ అరచేతి పొర ఇట్టే అరిగిపోతుంది. దెబ్బకు జడిసి పిల్లలు కాళ్లతోనే ఆపడానికి అలవాటు పడతారు. పచ్చిక మీద, కీపింగ్ కోచ్ దగ్గర ఆ అలవాటు వదులుతుంది.

కానీ క్లబ్బులో రెండో కీపర్ సీజనంతా బెంచీకే పరిమితం కావచ్చు. వర్సిటీ జట్టులో మ్యాచులు దొరికే అవకాశం ఎక్కువ. 18 ఏళ్ల వయసులో నేనైతే వాటికే ఓటేస్తాను. చదువుతో ఆట కుదరదని టెన్షన్ పడే అమ్మానాన్నలు భారత జట్టుకు కీపర్‌గా ఆడిన అదితి చౌహాన్‌ను చూడాలి. ఇంగ్లండ్‌లో లఫ్‌బరో వర్సిటీకి చదువుకోడానికి వెళ్లి, 2015లో వెస్ట్‌హామ్ మహిళల జట్టులో చేరింది. తర్వాత గోకులానికీ ఆడింది.

డబ్బు సంగతా? ఈ క్లబ్బులు ఆడే ఇండియన్ విమెన్స్ లీగ్ ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా నెలలకు డిగ్రీ అక్కరకొస్తుంది. రెండో ఏడాది నుంచి సెలవుల్లో ట్రయల్స్‌కు పంపండి.