మదర్‌బోర్డు పోలే, నేనే ఆగం చేసుకున్న: నల్లగొండల ఒక రిపేర్ షాపు ముచ్చట

ముందుగాల షాపు ఎక్కడుందో చెప్తా, ఎందుకంటే బయట బోర్డు చూసి పట్టుకోవుడు కష్టం. గడియారం సెంటర్ కాడికెళ్ళి ప్రకాశం బజార్ దిక్కు పోతుంటే జిరాక్స్ సెంటర్ పక్కన ఒక సందు ఉంటది, సందుల ఇరుకు మెట్లు, మీద ఒకటే రూం. పేరు రాసిన రంగు పోయి సగం అక్షరాలే మిగిలినయ్. నేను ఆ జిరాక్స్ కాడ ఎన్నిసార్లు నిలబడ్డనో లెక్కలేదు గని మీద కంప్యూటర్లు బాగుచేసేటాయన ఉన్నడని మొన్నటిదాక తెల్వదు.

నా కథ ఏందంటే, నేను పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్, అన్నీ సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ల తిరిగి తిరిగి కొన్నయ్. ప్రాసెసర్ 3.4 గిగాహెర్ట్జ్‌ది, అవసరముంటే దానంతట అదే 3.9 దాక పోతది. ముహూర్తాలు మస్తుగున్న నెల, పని మీద పని, జర స్పీడు పెంచుదామని ఓవర్‌క్లాక్, అంటే కంపెనీ పెట్టిన దానికంటె ఎక్కువ స్పీడుతోని ఉరికిచ్చుడు, మొదలువెట్టిన. ఈ రైజెన్‌ల మల్టిప్లయర్‌కు, అంటే స్పీడు ఎంతో చెప్పే అంకెకు, తాళం ఉండదు, ఇంటెల్ లెక్క పేరు చివర కే ఉన్నదా లేదా అని చూసుకునే పని లేదు, బోర్డు ఏ320 లెక్క ఓవర్‌క్లాక్ చెయ్యనియ్యని రకం కాకుంటె చాలు. బయోస్‌ల, అంటే కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగ్‌లల్ల, మల్టిప్లయర్ 41 పెట్టిన, వోల్టేజ్ 1.4 ఇచ్చిన, 4.1 గిగాహెర్ట్జ్ వచ్చింది, నడిచింది కూడా. కూలర్ మాత్రం డబ్బాల వచ్చిన చిన్నదే, 65 వాట్ల ప్రాసెసర్‌కు ఇచ్చింది. నల్లగొండ మే నెల, రూముల ఏసీ లేదు, ఎక్స్‌పోర్ట్ పెడితే టెంపరేచర్ 90 దాటింది. దాని గరిష్ఠమే 95. ఇంతజేసి వచ్చిన లాభం ఎంత అంటరా, 14 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 13 నిమిషాలకు దిగింది. మబ్బుల నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకునుడంటే ఇదే.

అక్కడ ఆగినా బాగుండు. ర్యామ్ 3200 స్పీడుది, దాన్ని 3466 చేసిన. ఈ ప్రాసెసర్‌కు ఏఎండీ వాళ్ళు ఒప్పుకున్నదే 2933. సేవ్ కొట్టిన, రీస్టార్ట్ అయింది, ఫ్యాన్లు తిరుగుతున్నయ్, స్క్రీన్ మీద ఏం లేదు, బోర్డు మీద డీర్యామ్ (ర్యామే) అని రాసున్న కాడ ఎర్ర లైటు. ఆగింది, మళ్ళ తిరిగింది, మళ్ళ ఆగింది. నాకు చెమటలు వట్టినయ్, చిట్యాల పార్టీకి ఎల్లుండి పెన్‌డ్రైవ్ ఇయ్యాలె.

సీమాస్ క్లియర్ చేస్తే, అంటే బయోస్ సెట్టింగ్‌లు చెరిపి మొదటికి తెస్తే, అయిపోతదని తెలుసు, స్క్రూడ్రైవర్‌తోని బోర్డు మీద దానికున్న రెండు పిన్నులు కలిపిన, ఏం కాలే. ఎందుకు కాలేదో షాపాయన చెప్పినంక నవ్వొచ్చింది: ఎస్‌ఎంపీఎస్ (లోపటికి కరెంటు ఇచ్చే డబ్బా) స్విచ్ ఆన్‌లనే ఉంది. వెనక కరెంటు వస్తనే ఉంటే క్లియర్ సక్కగ కాదంట, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒక పది సెకన్లు వట్టి ఉన్న కరెంటు పోగొట్టి, గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి ఒక ఐదు నిమిషాలు పక్కన పెట్టి, అప్పుడు చెయ్యాలె. నేను అదంత ఇడిసిపెట్టి ప్రాసెసర్ కాలిపోయిందేమోనని కూలర్ స్క్రూలు ఇప్పి గుంజిన. కూలర్‌తోని పాటు ప్రాసెసర్ కూడా లేచి వచ్చింది, సాకెట్ గొళ్ళెం వేసే ఉంది! రెండిటి నడుమ వేడి పోనీకి పూసే పేస్ట్ ఎండి బంకలెక్క పట్టుకుంది. పీకి, తుడిచి, మళ్ళ పెట్టిన, లైటు అదే ఎర్ర లైటు.

తెల్లారి ఒక పెద్ద షోరూంకు తీస్కపోయిన, పేరెందుకు గని ఏసీ ఉంది, టోకెన్ ఇచ్చిన్రు. పది నిమిషాలల్ల లైటు చూసి మదర్‌బోర్డు పోయింది సార్, కొత్తది 7,500 అయితది, చెకింగ్ చార్జి 300 అన్నరు. కేసు మూత తీసిన్రు గని కూలర్ కూడా ఇప్పలే. 300 ఇచ్చి ఎత్తుకొచ్చిన. వస్త వస్త ఆ సందు పక్క జిరాక్స్ పిల్లగాని దగ్గర ఏడుస్తుంటే వాడే మీదికి పంపిండు.

మీదాయన నలభై ఐదేండ్లుంటయేమో, కండ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తుకొని ఉంటడు. మొదటి మాటే, "తమ్మీ, నువ్వేమేం ముట్టినవో మొత్తం చెప్పు, దాసిపెట్టకు, నాకు టైం మిగుల్తది." చెప్పిన. కూలర్‌తోని ప్రాసెసర్ లేచొచ్చిందన్న కాడ తలకాయ ఊపిండు, ఇంక ఏం వినలే. బోర్డు మొత్తం కేసుల నుంచి బయటికి తీసి అట్టడబ్బా మీద పెట్టిండు, ఎక్కడన్న కేసుకు తాకి షార్ట్ అయితుందేమో అనే అనుమానం ఇట్ల పోతదంట. ప్రాసెసర్ తీసి తిరగేసిండు. ఏఎం4ల, అంటే ఈ సాకెట్ రకంల, పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటయ్, 1331, వెంట్రుకలెక్క. ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగ పట్టుకొని ఫోన్ కెమెరా జూమ్ చేసి చూపిచ్చిండు: మూల మీద ఒక పిన్ను పూర్తిగ పండుకొని ఉంది, దాని పక్కది జర ఒరిగింది. నేను ఇంట్ల చూసిన, నాకైతే అన్నీ నిలబడే కనవడ్డయ్.

అప్పుడు చేసింది చూడాలె. పిల్లల 0.5 పెన్‌పెన్సిల్ ఒకటి తీసిండు, లోపటి ముల్లు తీసేసిండు, ఖాళీ గొట్టం కొస పిన్నుకు తొడిగిండు. పండుకున్న దాన్ని ముందు బ్లేడ్ మూలతోని ఇంత లేపిండు, గొట్టం తొడిగి ఒకసారి ఇంత, ఆగి, ఇంకింత. ఒకటేసారి లేపితే టక్కున ఇరుగుద్దంట. పైన ఫ్యాన్ బంద్ చేయించిండు, నన్ను మాట్లాడొద్దన్నడు. పావుగంట పట్టింది రెండు పిన్నులకు. తర్వాత సాకెట్ల పెట్టి చూస్తే తన బరువుకు తనే దిగింది, ఒత్తుడు లేదు.

ఇంక పెట్టుడు చూడుండ్రి: ఒకటే ర్యామ్ స్టిక్, ప్రాసెసర్ దిక్కు నుంచి రెండో స్లాట్ల. గ్రాఫిక్స్ కార్డు, ఎందుకంటే 2600ల లోపట డిస్‌ప్లే ఉండదు. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే ఎనిమిది పిన్నుల వైరు. హార్డ్‌డిస్క్ లేదు, ఏం లేదు. స్క్రూడ్రైవర్ కొసతోని పవర్ పిన్నులు తాకిచ్చిండు. తిరిగింది, ఆగింది. నా గుండె ఆగింది. మళ్ళ తిరిగింది. ఆయన చాయ్ తాగుతున్నడు. "ర్యామ్‌ను అది నేర్చుకుంటున్నది, నువ్వు స్విచ్ మీద చెయ్యి పెట్టకు." మూడోసారికి బయోస్ వచ్చింది. ఇంట్ల కూడా నేను ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టుంటే అదే పాత సెట్టింగ్‌కు తిరిగొచ్చేదేమో. పిన్ను ఒంగినంక మాత్రం ఎంత ఆగినా రాకపోతుండే. లైటు రెండుసార్లూ అదే, కారణాలు వేరే, షోరూం వాళ్ళు లైటునే చూసిన్రు.

తీసుకున్నది 600. పేస్ట్ అందులనే.

ఇబ్బందులు కూడా రాయాలె. బిల్లు ఇయ్యడు, అడిగితే చిట్టీ మీద రాసిస్తడు. కూసోనీకి ఒకటే స్టూలు, అది కూడా సామాన్లకే. పేస్ట్ తెల్లటిది, మామూలుది, పెద్ద ఓవర్‌క్లాక్ చేసేటోళ్ళు సొంత ట్యూబ్ తీస్కపోవాలె. ఓవర్‌క్లాక్ మాట ఎత్తితేనే ఆయనకు కోపం, "ఈ ఎండలకు మనుషులే నడుస్తలేరు, దాన్నెందుకు ఉరికిస్తున్నవ్" అంటడు. దాంతోని చెడితే కంపెనీ వారంటీ కూడా రాదని చెప్పిండు, నిజమే. అయితే ఒక్క పనికొచ్చే ముచ్చట చెప్పిండు: కూలర్ ఎప్పుడు ఇప్పాలన్నా ముందు సిస్టం ఒక పావుగంట నడిపి పేస్ట్ వేడెక్కనియ్యాలె, బంద్ చేసి, స్క్రూలు ఇప్పి, మీదికి గుంజకుంట మెల్లగ అటు ఇటు తిప్పాలె. ఇది ముందే తెలిస్తే నాకు ఆ 600, షోరూంల 300 మిగులుతుండె.

ఇప్పుడు ప్రాసెసర్ కంపెనీ స్పీడుతోనే నడుస్తున్నది, ర్యామ్ 2933ల ఉంది, చిట్యాల పెన్‌డ్రైవ్ ఒక పూట లేటుగ ఇచ్చిన. పోయేటోళ్ళు మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగు దాక పోకుండ్రి, షట్టర్ దించి ఉంటది. ప్రాసెసర్ విడిగ తీస్కపోతే చిన్న ప్లాస్టిక్ డబ్బాల పెట్టుకొని పోండ్రి, నా ముందల ఒకాయన అంగీ జేబుల ఏసుకొచ్చి తిట్లు తిన్నడు.