డబ్బు కట్టి చేయించిన ఓటరు కార్డు చేతిలో ఉంది, జాబితాలో పేరు లేదు: పొందూరు చుట్టుపక్కల వారు జాగ్రత్త

ఈరోజు 2024 మే 13. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల పోలింగ్ ముగిసి రెండు గంటలు కూడా కాలేదు. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇది ఈ రాత్రే రాస్తున్నాను. తెల్లారితే కోపం చల్లారి, పోనీలే అనిపిస్తుందేమోనని భయం. పొందూరు మండలంలో ఓటరు కార్డు పని మీద ఆ జిరాక్స్ షాపుకు వెళ్లినవారు, వెళ్లాలనుకుంటున్నవారు దయచేసి పూర్తిగా చదవండి. షాపు పేరు రాయను. ఆధార్, పాన్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అన్నింటికీ మనమంతా వెళ్లేది అక్కడికే కనుక ఏ షాపో మీకు తెలుసు.

మా నాన్న పోయాక అమ్మను చీపురుపల్లి దగ్గరి ఊరి నుంచి నా దగ్గరకు తెచ్చుకున్నాను. ఓటు అక్కడే ఉండిపోయింది. అది విజయనగరం జిల్లా, ఇది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస నియోజకవర్గం. చిరునామా మార్పించాలి, అంతే పని. మా అమ్మాయికి నిరుడు పద్దెనిమిది నిండాయి. తన ఓటుకు తానే ఫోనులో ఫారం 6 నింపుకుంది. పైసా ఖర్చు లేదు. "అమ్మమ్మకు ఫారం 8 పెట్టాలమ్మా, నేనే పెడతాను, పది నిమిషాల పని" అంది. నేనే వద్దన్నాను. పెద్దావిడ విషయం, పిల్ల ఏదైనా తప్పు నొక్కితే ఉన్న ఓటు పోతుంది, తెలిసినవాళ్ల చేత చేయిద్దాం అన్నాను. ఆ మాట తలచుకుంటేనే ఇప్పుడు కడుపు రగిలిపోతోంది.

ఆ జిరాక్స్ షాపతను ఆరు వందల యాభై తీసుకున్నాడు. దరఖాస్తుకు ఐదు వందలు, ప్లాస్టిక్ కార్డుకు నూట యాభై. ఒక చిన్న కాగితం మీద బాల్ పెన్నుతో ఏదో నంబరు రాసి ఇచ్చాడు. మూడు వారాలకు పిలిచి కార్డు చేతిలో పెట్టాడు. అమ్మ ఫొటో, అమ్మ పేరు, వెనక మా ఇంటి చిరునామా. తళతళలాడుతోంది. దాన్ని చూశాక ఇంకేం అనుమానం వస్తుంది? జనవరిలో తుది జాబితా వచ్చినప్పుడు అందులో పేరు ఉందో లేదో ఒక్కసారి కూడా చూడలేదు. కార్డు ఉందంటే ఓటు ఉన్నట్టే అనుకున్నాను.

పోలింగుకు నాలుగు రోజుల ముందు బీఎల్‌ఓ, అంటే మా బూత్ ఓటరు జాబితా చూసే అధికారి, ఇంటికి వచ్చి నాకూ మా అమ్మాయికీ ఓటరు చీటీలు ఇచ్చింది. అమ్మకు లేదు. ఆ సాయంత్రమే షాపుకు వెళ్లి అడిగాను. "చీటీ లేకపోయినా పరవాలేదమ్మా, కార్డు ఉంది కదా" అన్నాడు. చీటీ తప్పనిసరి కాదన్నది నిజమే. కానీ జాబితాలో పేరు ఉన్నవాళ్లకే ఆ మాట వర్తిస్తుంది. అతనికి ఆ తేడా తెలుసు. తెలిసే సగం మాట చెప్పి నన్ను పంపించేశాడు. అప్పటికే గడువు దాటిపోయింది కాబట్టి నిజం చెప్పినా నేను చేయగలిగింది ఏమీ లేదు. కనీసం అమ్మను ఆ క్యూలో నిలబెట్టేదాన్ని కాదు.

అమ్మకు డెబ్బై ఒకటి. పొద్దున్న నాలుగున్నరకే లేచి స్నానం చేసింది. గంజి పెట్టిన తెల్లంచు నీలం చీర కట్టుకుంది, అది నాన్న కొన్న చివరి చీర. కార్డును పాల ప్యాకెట్ కవరులో చుట్టి జాకెట్లో దాచుకుంది. ఏడు కాకముందే బడి దగ్గర ఆడవాళ్ల వరుసలో ఉన్నాం. ముప్పావు గంట నిలబడ్డాం. మోకాళ్లు నొప్పని ఎవరో కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. "ఓటుకు నిలబడే వెయ్యాలి" అంది. పెళ్లయిన ఊళ్లో ఒక్క ఎన్నిక వదలని మనిషి. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి గులాబీ కాగితం, వార్డు మెంబరుకు తెల్ల కాగితం అని పక్కింటి కోడళ్లకు తానే నేర్పి తీసుకెళ్లింది.

లోపల పోలింగ్ అధికారి కార్డు తీసుకుని జాబితాలో వేలితో వెతికాడు. ఒకసారి, రెండుసార్లు. పక్కనున్న ఏజెంట్లూ తమ కాగితాల్లో వెతికారు. "పేరు లేదమ్మా" అన్నాడు. అమ్మకు అర్థం కాలేదు. కార్డును వెనక్కి తిప్పి చిరునామా చూపించింది. అతను కార్డును వెలుగుకు పట్టి చూసి, మెల్లగా, మర్యాదగానే చెప్పాడు: "ఇది ఎన్నికల సంఘం పంపిన కార్డు కాదమ్మా, బయట ఎవరో ప్రింటు తీసిచ్చారు. నంబరు మీ పాతదే, చిరునామా మాత్రం మార్చారు. బీఎల్‌ఓను అడగండి."

బయట సహాయ కేంద్రంలో ఉన్న బీఎల్‌ఓ ఫోనులో ఆ నంబరు కొట్టింది. ఎక్కడా లేదు. మా చీపురుపల్లి బంధువులకు ఫోను చేసి అక్కడి జాబితా చూడమన్నాం. అక్కడా లేదు. బీఎల్‌ఓ అప్పుడు చెప్పింది అసలు సంగతి. నిరుడు జులై, ఆగస్టుల్లో ఇంటింటి సర్వే జరిగింది కదా, తాళం వేసి ఉన్న ఇల్లు, మనిషి ఊళ్లో లేదు, అందుకని అక్కడ తీసేసి ఉంటారట. నోటీసు ఆ ఇంటికే వెళ్లి ఉంటుంది, తీసుకోవడానికి ఎవరున్నారు? ఇక్కడేమో ఎవరూ దరఖాస్తే పెట్టలేదు. మా దగ్గరున్న కాగితం మీది నంబరు కొట్టి చూస్తే అలాంటి దరఖాస్తే లేదని వచ్చింది. అతను మా డబ్బు తీసుకుని, పాత కార్డును స్కాన్ చేసి, చిరునామా మార్చి, ప్లాస్టిక్ మీద ప్రింటు కొట్టి ఇచ్చాడు. అంతకుమించి ఏమీ చేయలేదు. పాత ఊళ్లోనూ ఓటు లేదు, కొత్త ఊళ్లోనూ లేదు.

షాపు మూసి ఉంది. అతను ఎక్కడున్నాడో తెలుసా? బడికి రెండు వందల మీటర్ల అవతల ఒక పార్టీ శిబిరంలో బల్ల వేసుకుని కూర్చుని, వచ్చేవాళ్లకు జాబితాలో వరుస నంబర్లు వెతికి చీటీలు రాసి ఇస్తున్నాడు. అంటే మా బూత్ జాబితా మొత్తం అతని చేతిలోనే ఉంది. అమ్మ పేరు లేదని అతనికి ఎన్నడో తెలుసు.

నేను గొంతు పెంచలేదు. కార్డు బల్ల మీద పెట్టి, "తమ్ముడూ, ఇది ఏమిటి?" అని మాత్రమే అడిగాను. అతను తల కూడా ఎత్తలేదు. "మేము పెట్టాం, పైవాళ్లు తిరస్కరించారు" అన్నాడు. నంబరే లేదు కదా అన్నాను. అప్పుడు కాగితాలు పక్కకు నెట్టి, అమ్మ వైపు చూసి, పది మంది ముందు అన్నాడు:

"ఏం పెద్దమ్మా, ఓటు పోయిందని బాధా, చేతికి రావాల్సిన నోటు పోయిందని బాధా?"

చుట్టూ ఉన్నవాళ్లలో ఇద్దరు నవ్వారు.

మా అమ్మ జీవితంలో ఓటుకు ఒక్క రూపాయి ముట్టుకోలేదు. మా నాన్న బతికుండగా ఒకసారి రాత్రిపూట గుమ్మంలో కవరు పెట్టి వెళ్తే, తెల్లవారి ఆ ఇచ్చినవాడి ఇంటికి తానే నడిచి వెళ్లి అరుగు మీద పెట్టి వచ్చింది. అలాంటి మనిషిని, గంజి చీర కట్టుకుని మూడు పావుగంటలు నిలబడి వచ్చిన మనిషిని, ఆ మాట అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. నా మోచేయి పట్టుకుని "పద" అంది. అతను జేబులోంచి రెండు వందలు తీసి బల్ల మీదికి విసిరాడు, నష్టపరిహారమని కాబోలు. ఆ నోట్లు అక్కడే వదిలేసి వచ్చేశాం. నాకు డబ్బు లెక్క కాదు.

దారిలో ఎదురైనవాళ్లంతా వేలు చూపించుకుంటున్నారు. సిరా పెట్టిన ఎడమ చేతి చూపుడువేలు. "వేసి వచ్చారా పిన్నీ?" అని ఒకావిడ పలకరించింది. అమ్మ ఎడమ చేతిని కొంగు కింద పెట్టుకుని "ఆ" అంది. నాతో వచ్చిన డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, తన తప్పు ఏమీ లేకుండా, నడివీధిలో చెయ్యి దాచుకుంది. ఆరు వందల యాభైకి నేను కొనుక్కున్నది అదే.

ఒక్క ఓటుతో ఏమవుతుందని ఆ శిబిరంలో ఇంకొకతను సర్దిచెప్పబోయాడు. అసెంబ్లీకి, పార్లమెంటుకు సంగతి ఎలా ఉన్నా, మన పంచాయతీ వార్డుల్లో ఉండేది వందల్లో ఓట్లే. సమానంగా వస్తే చీటీ తీసి తేలుస్తారు. ఆ పంచాయతీ ఓటరు జాబితా తయారయ్యేదీ ఈ అసెంబ్లీ జాబితా నుంచే. ఇక్కడ పేరు లేకపోతే సర్పంచి ఎన్నికల్లోనూ ఉండదు. మన వీధి కాలువ, మన మంచినీళ్ల కుళాయి, మన శ్మశానం దారి గురించి మాట్లాడే హక్కు పోయినట్టే. ఇంత పెద్ద విషయాన్ని నేను ఒక జిరాక్స్ షాపు మీద వదిలేశాను.

నాకు జరిగింది మీకు జరగకూడదు కాబట్టి చెబుతున్నాను. కొత్త ఓటుకు ఫారం 6, ఊరు మారినా వివరాలు సరిచేయాలన్నా ఫారం 8. ఏదీ డబ్బు కట్టే పని కాదు. ఫోనులో ఎన్నికల సంఘం యాప్‌లో పెట్టుకోవచ్చు, లేదంటే బీఎల్‌ఓకు కాగితం మీద ఇవ్వవచ్చు. పెట్టగానే వచ్చే రిఫరెన్స్ నంబరు మీ సొంత ఫోనుకే రావాలి, ఎవరో పెన్నుతో రాసిచ్చిన నంబరు నమ్మకండి. అసలు కార్డు తపాలాలో ఇంటికి వస్తుంది, దానికీ రుసుము లేదు. అన్నింటికంటే ముఖ్యం, కార్డును కాదు, జాబితాను చూడండి. 1950కు ఫోను చేసి అడగవచ్చు. పద్దెనిమిది నిండిన పిల్లలు ఇప్పుడు జనవరి దాకా ఆగనక్కర్లేదు, జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీల్లో ఏది ముందు వస్తే దానికే నమోదు కావచ్చు. పని కోసం చెన్నై, హైదరాబాదు వెళ్లి ఇంటికి తాళం వేసి ఉన్నవారు మరీ జాగ్రత్త, సర్వే వచ్చినప్పుడు మీ తరఫున ఇంట్లో మాట్లాడే మనిషి ఉండాలి. ఇంకొక మాట, జాబితాలో పేరు ఉండి, మీకంటే ముందే ఎవరో మీ ఓటు వేసేసి ఉంటే ఊరికే తిరిగి రాకండి. టెండర్ ఓటు, అంటే అలాంటివారికి విడిగా ఇచ్చే బ్యాలెట్ కాగితం, అడగండి, మీరు మీరేనని తేలితే ప్రిసైడింగ్ అధికారి ఇవ్వాల్సిందే.

డబ్బు పంచే విషయం కూడా రాయాలని ఉంది, కానీ ఈ రాత్రికి ఓపిక లేదు. ఇచ్చినవాడే కాదు, తీసుకున్నవాడూ శిక్షకు అర్హుడని చట్టంలో ఉంది. ఆ మాట మా అమ్మతో పరిహాసమాడిన మనిషికి ఎవరైనా చదివి వినిపించండి.

మా అమ్మాయి ఇందాక అమ్మమ్మ పక్కన కూర్చుని ఫోను తీసింది. ఈసారి నేను వద్దనలేదు. ఫొటో, ఆధార్, కరెంటు బిల్లు, పన్నెండు నిమిషాలు పట్టింది. నంబరు ఫోనుకు వచ్చింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె చదివించుకుని క్యాలెండరు వెనక తన చేత్తో రాసుకుంది. పేరు చేరిందో లేదో వారం వారం అడుగుతానని మనవరాలికి చెప్పింది.

గురువారం పది గంటలకు ఆ ప్లాస్టిక్ కార్డు పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తున్నాను. ఆ షాపులో కార్డు చేయించుకున్నవారు ముందు ఈ రాత్రే మీ పేరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కార్డులు పట్టుకుని మీరూ రండి. ఒక్కదాన్నే వెళ్తే ఒక ఇంటి గొడవ అనుకుంటారు.