తాడిపత్రిలో ఆరేళ్లుగా మా ఇంటి సోలార్ లైట్లు: వాడి చూసిన అనుభవం

2019 ఎండాకాలంలో మా మిద్దె మీద 150 వాట్ల ప్యానెల్ ఒకటి, కింద 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబ్యులర్ బ్యాటరీ, అంటే డిస్టిల్డ్ వాటర్ పోసుకునే రకం, బ్యాటరీలోని డీసీని ఇంటి ఏసీ కరెంటుగా మార్చే చిన్న ఇన్వర్టర్ పెట్టించుకున్నాం. రాత్రిపూట కరెంటు పోయినా నాలుగు గదుల్లో లైట్లు వెలగాలన్నదే మా కోరిక. 9 వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, ఐదు గంటలు వెలిగినా 180 వాట్ అవర్లే. మన ఎండకు ఆ ప్యానెల్ మామూలు రోజున దానికి రెండింతలకు పైనే ఇస్తుంది. అయినా తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయేది. లెక్క ఎక్కడ తప్పిందో తెలియక చాలా టెన్షన్ పడ్డాను.

చివరికి మా బావమరిది వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ తెచ్చి పెట్టాడు. "బావా, లైట్లన్నీ ఆపినా ఒక ఆంపియర్ పోతాంది చూడు" అన్నాడు. అదంతా ఇన్వర్టర్ ఊరికే లాగేది. దాదాపు 12 వాట్లు. రోజంతా ఆన్‌లో ఉంటే 288 వాట్ అవర్లు, లైట్ల కంటే ఎక్కువ! ఇన్వర్టర్ తీసేసి 12 వోల్టుల డీసీ బల్బులు పెట్టాం.

వంటింటి బల్బు మాత్రం గుడ్డిదీపంలా ఉండేది. నాలుగు బల్బులకూ కలిపి 36 వాట్లకు 230 వోల్టుల్లో 0.16 ఆంపియర్ చాలు, 12 వోల్టుల్లో 3 ఆంపియర్లు పారాలి. ఇంట్లో ఉన్న సన్నవైరు దాన్ని మోయలేక దారిలోనే వోల్టేజీ పడిపోయేది. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు లాగాక సరిపోయింది. డీసీకి వెళ్లేవాళ్లు వైరు దగ్గర మాత్రం పిసినారితనం చేయొద్దు.

బిగించినవాళ్లు ప్యానెల్‌ను తూర్పుకు పెట్టి వెళ్లారు. మధ్యాహ్నం మూడింటికే వాటర్ ట్యాంకు నీడ ఒక మూల పడేది. మూలే కదా అనుకోకూడదు. ప్యానెల్‌లోని సెల్స్ అన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి కొన్నిటి మీద నీడ పడ్డా మొత్తం కరెంటు బాగా తగ్గుతుంది. జాగా మార్చి, దక్షిణానికి తిప్పి, 15 డిగ్రీల వాలు పెట్టాం.

ఇక దుమ్ము. తాడిపత్రి వాళ్లకు చెప్పక్కర్లేదు, బండల పాలిష్ ఫ్యాక్టరీల తెల్లపొడి అన్నిటి మీదా వాలుతుంది. రాత్రి మంచుకు తడిసి, పొద్దున ఎండకు అద్దం మీద సున్నం పూసినట్టు గట్టిపడుతుంది. ఒకరోజు పదకొండింటికి చూస్తే 5.6 ఆంపియర్లు వస్తున్నాయి. మరుసటి రోజు పొద్దున్నే కడిగి అదే వేళకు చూస్తే 7.1! మా బోరునీళ్లతో కడిగితే ఉప్పు మరకలు మిగులుతాయి, అందుకే వాననీళ్లు పట్టి ఉంచుకుంటాం. సూర్యుడు రాకముందే, మంచు తడి ఉండగానే మెత్తని గుడ్డతో తుడిస్తే సులువుగా వస్తుంది. ఎండకు వేడెక్కిన అద్దం మీద చన్నీళ్లు పోయొద్దు.

పాత బ్యాటరీ 2023 చివర్లో పోయింది. తప్పు మాదే. రెండు ఎండాకాలాలు డిస్టిల్డ్ వాటర్ చూడక ప్లేట్లు బయటపడ్డాయి. ఇప్పుడు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వాడుతున్నాం. నీళ్ల బాధ లేదు. కొనేముందు, ప్యానెల్ నుంచి బ్యాటరీకి చార్జింగ్‌ను అదుపు చేసే చార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూసుకోండి.

బిల్లు తగ్గాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. ఈ లైట్లకు నెలకు దాదాపు ఐదున్నర యూనిట్లే. బిల్లు కోసమైతే 2024లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్ మేలు, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కానీ బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ సిస్టమ్, లైను మీద పనిచేసేవాళ్ల భద్రత కోసం, కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మా వీధిలో అలాంటి ఇల్లు ఒకటుంది. కరెంటు పోయిన రాత్రి వాళ్ల పిల్లలు పుస్తకాలు పట్టుకుని మా వసారాలోకి వస్తారు.